చందాకు మాటిచ్చాం, గొలుసు తాకట్టు పెట్టి కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. నేను ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని, జీతం 28,000. మావారు ఎలక్ట్రీషియన్, పని బాగున్న నెలలో 18,000 తెస్తారు. నెలనెలా చర్చికి 4,600 దశమభాగం ఇస్తున్నాం. మందిర నిర్మాణానికి లక్ష ఇస్తామని సంఘంలో నిలబడి మాటిచ్చాం. 20,000 కట్టాం, మిగతాది క్రిస్మస్‌లోగా ఇవ్వాలి. బయట లక్షన్నర అప్పుంది, రెండు రూపాయల వడ్డీ. అత్తగారికి షుగర్ మందులు రెండు నెలలుగా సరిగా కొనలేకపోతున్నాం. నా మూడు కాసుల గొలుసు తాకట్టు పెట్టి చందా కట్టేద్దాం, దేవుడే చూసుకుంటాడు అంటున్నారు మావారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. నాకు విశ్వాసం లేనట్టేనా?

జవాబు: వందనాలు అమ్మా. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది యేసే (లూకా 14). లెక్క చూసుకోవడం అవిశ్వాసమైతే ఆ మాట అక్కడ ఉండేది కాదు. నేనూ ఆదివారం కానుక వేసేవాణ్ణే, కాబట్టి ఇవ్వొద్దని మాత్రం చెప్పను.

ముందు అత్తగారి మందులు. అమ్మానాన్నలకు అందాల్సింది ‘కొర్బాను’ (దేవుడికి అర్పించేశాం) అని దేవుడి పేరు చెప్పి ఎగ్గొట్టేవాళ్లను యేసు గట్టిగానే మందలించాడు (మార్కు 7). మీ ఇంట్లో అంత పని జరగడం లేదు గానీ, దారి అటువైపే పోతోంది. డాక్టరును అడిగి జన ఔషధి దుకాణంలో అవే మందులు జనరిక్‌లో దొరుకుతాయేమో చూడండి, ఖర్చు బాగా తగ్గుతుంది. ఈ నెల కానుక కవరు కంటే ముందు ఆ మందుల చీటీ తీసుకెళ్లండి.

ఇక గొలుసు. తాకట్టు పెట్టండి, కానీ చందా కోసం కాదు. లక్షన్నరకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. ఎన్నేళ్లు కట్టినా అసలు అలాగే ఉంటుంది. అదే బ్యాంకులో బంగారం మీద ఏడాదికి పది శాతానికి తీసుకుంటే నెల వడ్డీ 1,250 అవుతుంది. బయటి అప్పు తీర్చేసి, ఇప్పుడు కడుతున్న 3,000 అలాగే బ్యాంకుకు కడుతూ పోండి. ఐదున్నరేళ్లలో అసలుతో సహా తీరిపోయి గొలుసు ఇంటికొస్తుంది. బంగారం లోన్లు సాధారణంగా ఏడాది గడువుతో ఇస్తారు, రెన్యూవల్ తేదీ మర్చిపోకండి. వేలం నోటీసు దాకా రానిచ్చే ఇళ్లు చాలానే ఉన్నాయి. అసలు కొంతకొంత కట్టించుకుంటారో లేదో కూడా ముందే అడగండి.

దశమభాగం జోలికి నేను వెళ్లను. ఒక్కటి మాత్రం సరిచేసుకోండి. మీవారి ఆదాయం నెలకో రకంగా ఉంటుంది. వర్షాకాలంలో 11,000 వచ్చినా 18,000 లెక్కనే ఇస్తున్నట్టున్నారు. పౌలు కొరింథీయులకు రాసింది ఎవరికి వారు వర్ధిల్లిన కొద్దీ తీసి పెట్టుకోమని. చేతికొచ్చినదాని మీద లెక్క కట్టండి, రాని దాని మీద వద్దు.

ఇచ్చినదానికి నూరంతలు తిరిగొస్తుందని మీవారు ఎక్కడో విని ఉంటారు. నూరు రెట్ల రాబడి అని ఎవరైనా నా ఆఫీసుకొస్తే, ముందు సెబీ (పెట్టుబడుల వ్యాపారాలపై నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతాను. తిరిగొస్తుందని లెక్కేసుకుని ఇచ్చేది చిట్టీ పాట అవుతుంది గానీ కానుక కాదు.

పేద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేసింది నిజమే (మార్కు 12). అవి ఆమెవి, అప్పు తెచ్చినవి కావు. అదే అధ్యాయంలో దానికి కాస్త ముందే, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్ర పండితుల) మీద యేసు మండిపడ్డాడు. ఆ రెండూ కలిపి చదవండి. త్యాగం అంటే మన కంచంలోంచి తీసేది. మిజోరంలో ప్రెస్బిటీరియన్ చర్చి కుటుంబాలు 1910 నుంచి పూటపూటా వంట బియ్యంలోంచి పిడికెడు తీసి సంఘానికి పక్కన పెడుతున్నాయి. ఆ పిడికెడూ ఆ పూట ఆ ఇంటివాళ్లు తినాల్సిన అన్నమే. మీ ఇంట్లో అయితే, ఈ క్రిస్మస్‌కు కొత్త బట్టలు పిల్లలకే కొని మీ ఇద్దరి బట్టల డబ్బు చందాకు ఇవ్వడం అలాంటిదే.

ఇన్సూరెన్స్ ఊసే మీరు ఎత్తలేదు. మీవారు స్తంభాలెక్కే మనిషి. సమృద్ధిగా పండిన ఏడేళ్లూ, ముందు కరువుందని యోసేపు ఐదో వంతు ధాన్యం దాచిపెట్టించాడు, దాన్ని ఎవరూ అవిశ్వాసం అనలేదు. బ్యాంకు ఖాతాలోంచే ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద బీమా, 436 రూపాయలకు జీవిత బీమా ఉన్నాయి. ఒక్కోదానికి రెండు లక్షలు. ఇద్దరూ రెండూ తీసుకోండి. జీవిత బీమాలో చేరడానికి వయసు 50 దాటకూడదు. మీ ఆదాయానికి పన్ను పడదు కాబట్టి విరాళాల మినహాయింపు గొడవ మీకు లేదు, చందా రసీదు మాత్రం తీసుకోండి.

మిగిలింది 80,000. ఇద్దరూ కలిసి పాస్టరు గారి దగ్గరికెళ్లి, క్రిస్మస్‌కు కాదు, నెలకు ఇంత చొప్పున ఇస్తామని చెప్పండి. నలుగురిలో మాటిచ్చి గడువు అడగడం నామోషీగానే ఉంటుంది, కాదనను. కానీ మాట వెనక్కి తీసుకోవడం లేదు కదా. అలాగే ఒకటి అడగండి: కొత్త మందిరం వైరింగ్ ఎవరికి అప్పగించారు? ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే, ఖాళీ రోజుల్లో మీవారు చేసిపెట్టి ఆ కూలీని చందాలో జమ వేయించుకోవచ్చు. ఎలక్ట్రీషియన్ కూలీ ఈ రోజుల్లో ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒప్పుకుంటే ఎన్ని రోజుల పని, రోజుకు ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. సంఘంలోనైనా లెక్క లెక్కే.