బాటంతా నీడే కదా, పొద్దున్నే ఎందుకు బయల్దేరాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం నడక గురించి ఉన్నాయి. అడవి నిండిన కొండ లోయలోకి వెళ్ళి, వెళ్ళిన దారినే తిరిగి రాకుండా, చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరే ఒక్క రోజు ట్రెక్. అందుకని వాటన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం నలుగురు ఫ్రెండ్స్‌ కలిసి 12 కిలోమీటర్ల లూప్ ట్రెక్‌కి వెళ్దామనుకుంటున్నాం. మొత్తం 600 మీటర్ల ఎత్తు ఎక్కాలట. బాటంతా చెట్ల నీడే కాబట్టి ఎండ బాధ ఉండదు, తీరిగ్గా పదకొండింటికి మొదలుపెట్టినా చీకటి పడేలోపు వచ్చేస్తాం అని మావాళ్ళంటున్నారు. ఏడింటికల్లా బాట మీద ఉండాలని నేనంటున్నాను. ఎవరిది కరెక్ట్?

జవాబు: మీదే కరెక్ట్. మీవాళ్ళకి చూపించడానికి లెక్క కూడా రాస్తాను. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు, కొండల్లో నడిచేవాళ్ళు ఇప్పటికీ దాన్నే వాడతారు. ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ ప్రకారం మీ లూప్‌కి దాదాపు మూడున్నర గంటలు. కానీ అది బాగా అలవాటున్న మనిషి, మంచి బాట మీద, ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే టైమ్. మీ నలుగురిలో ఒక్కరికి అలవాటు లేకపోయినా అందరూ ఆ ఒక్కరి వేగంతోనే నడవాలి, పైగా అడవి బాటన్నాక వేళ్ళూ రాళ్ళూ అడ్డంగా పడిపోయిన చెట్లూ ఉంటాయి, కాబట్టి ఆ లెక్కకి ఇంకో సగం కలపండి, ఐదు గంటలు దాటింది. తినడానికి, ఫోటోలకి, వాగు పక్కన కాసేపు కూర్చోడానికి ఒక గంట. మొత్తం ఆరు గంటల పైమాటే. పదకొండింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదు దాటాక కూడా ఇంకా అడవిలోనే ఉంటారు.

ఐదంటే ఇంకా వెలుతురుంటుంది కదా అనకండి. ఫోన్‌లో చూపించే సూర్యాస్తమయం చదునైన నేలకి లెక్కగట్టింది. లోతైన లోయలో సూర్యుడు అంతకన్నా గంట ముందే, కొన్నిచోట్ల రెండు గంటల ముందే పడమటి కొండ వెనక్కి వెళ్ళిపోతాడు. తలెత్తితే ఆకాశం తెల్లగానే ఉంటుంది, ఎదురు కొండ మీద చెట్ల చివళ్ళకి ఇంకా ఎండ కనిపిస్తుంటుంది, కానీ కొమ్మల కింద మీ పాదాల దగ్గర రాయేదో గుంతేదో తెలియకుండా పోతుంది. చలి కూడా అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగుకి చేరుతుంది. పగటి ట్రెక్కే అయినా మనిషికో హెడ్‌ల్యాంప్, ఒక వెచ్చటి జాకెట్ బ్యాగులో ఉండాల్సిందే. ఫోన్ లైట్ సరిపోతుందని దయచేసి అనుకోకండి, అది మీ ఒక చేతిని కట్టేస్తుంది, దారి చూపించాల్సిన ఫోన్ బ్యాటరీని కూడా తినేస్తుంది.

మీ ఉత్తరంలో లేకపోయినా ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. వెళ్ళిన దారినే వచ్చే నడకలో ఎప్పుడు వెనక్కి తిరిగినా, రాబోయే దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. లూప్‌లో సగం దాటాక మిగిలిందంతా మీరు చూడని దారి. అయినా జనం వెనక్కి తిరగరు, లూప్ అన్నాక పూర్తి చేయాలి, మధ్యలో తిరిగొస్తే ఓడిపోయినట్టు అనే పట్టుదల వచ్చేస్తుంది. నడిచినకొద్దీ ఆ పట్టుదల పెరుగుతుంది, లోయల్లో చీకట్లో చిక్కుకోవడం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. అందుకని ఇంట్లో ఉండగానే, మ్యాప్ ముందు పెట్టుకుని, సగం దారి ఎక్కడొస్తుందో గుర్తుపెట్టుకుని ఒక టైమ్ రాసుకోండి. ఏడింటికి బయల్దేరితే పదిన్నర అనుకుందాం. పదిన్నరకి అక్కడికి చేరకపోతే, వాతావరణం ఎంత బాగున్నా, వచ్చిన దారినే వెనక్కి. ఈ నిర్ణయం అందరూ తాజాగా ఉన్నప్పుడే తీసేసుకుంటే బాట మీద వాదన ఉండదు.

ప్రశ్న: లూప్‌ని కుడివైపు నుంచి మొదలుపెట్టాలా ఎడమవైపు నుంచా? ఎటు తిరిగినా దూరం ఒకటే కదా?

జవాబు: దూరం ఒకటే. ఎత్తు కూడా అంతే, మొదలైన చోటికే వస్తున్నారు కాబట్టి ఎంత ఎక్కితే అంత దిగాలి. అయినా ఎటు తిరుగుతారన్న దాన్నిబట్టి రోజంతా మారిపోతుంది. నేనైతే మొదట నీళ్ళు చూస్తాను, తర్వాత వాలు, ఆ తర్వాతే నీడ.

నీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్తాను. లోయ లూప్‌లు చాలావరకు ఏటికి ఒక ఒడ్డున పైకి వెళ్ళి, లోయ పైకొసలో ఏరు సన్నగా ఉన్నచోట దాటి, రెండో ఒడ్డున కిందికి వస్తాయి. అంటే మళ్ళీ మొదటి ఒడ్డుకి రావాలంటే కింద కూడా ఒకసారి ఏరు దాటాలి, అక్కడికొచ్చేసరికి పక్క వాగులన్నీ కలిసి నీళ్ళు బాగా పెరిగి ఉంటాయి. ఈ దాటే చోటు చివర్లో వచ్చేలా తిరిగారనుకోండి, రోజంతా నడిచి అలిసిపోయి, బయల్దేరిన చోటు ఎదురొడ్డున కనిపిస్తుండగా, పొంగిన ఏటి ముందు నిలబడాల్సి రావచ్చు. కొండల్లో వాన తరచుగా మధ్యాహ్నం తర్వాతే పడుతుంది, పైన పడితే చాలు, మీ నెత్తిన చుక్క పడకపోయినా ఏరు పెరుగుతుంది. మంచు కరిగి వచ్చే ఏరైతే వానే అక్కర్లేదు, ఎండ పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. కాబట్టి కింద దాటే చోటు పొద్దున్నే మొదట వచ్చేలా తిరగండి. వంతెన ఉందని మ్యాప్‌లో ఉన్నా బయల్దేరే ముందే వెళ్ళి కళ్ళారా చూడండి. వానొస్తుందని సూచన ఉన్న రోజు లూప్ ఆలోచనే మానేసి, ఏరు దాటక్కర్లేని ఒడ్డునే కొంతదూరం వెళ్ళి వచ్చేయండి.

దాటేటప్పుడు బ్యాగు నడుము బెల్టు విప్పేయాలి, జారితే బ్యాగు వదిలించుకోగలగాలి. బూట్లు విప్పకండి. ప్రవాహం వచ్చే వైపుకి ముఖం పెట్టి పక్కకి అడుగులు వేయండి. నీళ్ళు వేగంగా ఉండి మోకాలు దాటుతుంటే దిగొద్దు. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్ళు మట్టిరంగులోకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా పైన వాన పడిందన్నమాట, వెంటనే ఎత్తుకి వెళ్ళిపోండి.

వాలు విషయం చిన్నదే. నిటారుగా ఉన్న వైపు ఎక్కి, మెల్లగా వాలే వైపు దిగడం మంచిది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. నిటారు దిగుడులో మోకాళ్ళు పట్టేస్తే అక్కడ కూర్చున్నంత మాత్రాన తగ్గవు.

నీడకి వస్తే, లోయ ఉత్తర దక్షిణాలుగా సాగితే పొద్దున తూర్పు గట్టున నడవండి, సూర్యుడు ఆ కొండ వెనకే ఉంటాడు కాబట్టి అటే నీడ. మధ్యాహ్నం తర్వాత పడమటి గట్టు నీడలోకి వస్తుంది. లోయ తూర్పు పడమరలుగా ఉంటే, భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో ఉత్తరం వైపు చూసే వాలుకి ఎండ తక్కువ, దక్షిణార్ధగోళంలో దీనికి తలకిందులు. ఎండ తక్కువ తగిలే వాలు మీద బాట ఆలస్యంగా ఆరుతుంది, పాచి కూడా ఎక్కువ, అది గుర్తుపెట్టుకోండి. ఫోటోల్లో చూసి నీడని నమ్ముకోవడం కూడా కుదరదు, ఆకు రాల్చే చెట్ల అడవైతే ఆకులు రాలిన కాలంలో అదే బాట మీద నడినెత్తిన ఎండ కొడుతుంది.

ప్రశ్న: నీడలోనే నడుస్తాం కాబట్టి మనిషికో లీటర్ నీళ్ళు చాలా?

జవాబు: చాలవు. చెట్ల కింద చల్లగా ఉండటానికి ఒక కారణం ఆకులు నీటిని ఆవిరిగా వదలడం, అందువల్లే అక్కడి గాలిలో తేమ ఎక్కువ, వీచడం తక్కువ. ఒంటికి పట్టిన చెమట త్వరగా ఆరదు, చొక్కా తడుస్తూనే ఉంటుంది, ఎండ తగలదు కాబట్టి దాహం గుర్తుకురాదు. ఎక్కేటప్పుడు గంటకి అర లీటర్ చొప్పున లెక్కేసుకోండి, ఆరు గంటలకి మూడు లీటర్లు. బరువనిపిస్తే కొంత మోసుకెళ్ళి మిగతాది ఏటి నీళ్ళతో నింపుకోవచ్చు, అయితే ఎంత తేటగా కనిపించినా మరిగించకుండా తాగొద్దు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు, ఎందుకంటే అంత ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి.

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్ళు, రోజూ గంటసేపు నడుస్తుంది. నేనూ వస్తానంటోంది. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళు నొప్పంటుంది. తీసుకెళ్ళొచ్చా?

జవాబు: రోజూ గంట నడిచే మనిషంటే మీకంటే నిలకడగా నడవొచ్చు, సంతోషంగా తీసుకెళ్ళండి. కాకపోతే ముందు ఆవిడ మోకాళ్ళు చూసే డాక్టర్‌ని ఒక మాట అడగండి, లూప్ ఏడెనిమిది కిలోమీటర్లు దాటనిది ఎంచుకోండి, దిగుడు మెల్లగా ఉండే వైపే తిరగండి. రెండు ట్రెకింగ్ పోల్స్ కొనివ్వండి, దిగేటప్పుడు వాటిని కాస్త పొడుగ్గా పెట్టుకుని ముందు పోల్స్ ఆనించి తర్వాత అడుగు వేస్తే మోకాలి మీద బరువు తగ్గుతుంది. ఇంటి దగ్గర మెట్ల మీద రెండు మూడు వారాలు అలవాటు చేయించండి, అలవాటు కావాల్సింది దిగడమే.

బాట మీద ఆవిడకి చూపించాల్సింది చెట్టు వేళ్ళు. బాటకి అడ్డంగా పాకిన వేరు, జనం తొక్కీ తొక్కీ బెరడు ఊడిపోయి నున్నగా, లేత గోధుమరంగులో మెరుస్తుంటుంది. పైనుంచి కొమ్మల నీళ్ళు బొట్లు బొట్లుగా దాని మీదే పడతాయి, వాన ఆగిన గంట తర్వాత కూడా. అడుగు దాని మీద పెడితే, అందులోనూ అది వాలుకి ఏటవాలుగా ఉంటే, కాలు సర్రున జారుతుంది. వేరు మీద కాకుండా వేరు దాటి మట్టిలో అడుగు పెట్టడం నేర్పించండి. రాలిన ఆకుల కింద కూడా ఇవే ఉంటాయి, అక్కడ పోల్‌తో తడిమి చూసుకోవాలి.

ఆవిడే ముందు నడవాలి. వెనకుంటే మిమ్మల్ని అందుకోవాలని తొందరపడతారు, అలసట వచ్చినా చెప్పరు.

ప్రశ్న: లోయలో సిగ్నల్ ఉండదంటున్నారు. ఒంటరిగా వెళ్తున్నాను. దారి తప్పితే ఎలా అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: మొదటి లోయ నడక ఒంటరిగా వద్దు, కనీసం ఒకరిని తోడు తీసుకెళ్ళండి. తోడున్నా ఇవన్నీ చేయాల్సిందే.

సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది. మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ అయిపోతుంది. అయితే లోయలో ఉపగ్రహ సంకేతాలు కొండరాళ్ళకి తగిలి తిరిగొస్తాయి, దట్టమైన ఆకుల్లో బలహీనపడతాయి, కాబట్టి స్క్రీన్ మీద మీరు బాట పక్కన ఎక్కడో, ఒక్కోసారి ఏటి మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి బాట వదలకండి. కాళ్ళ కింద బాట ఉందంటే బాట మీదే ఉన్నట్టు. ఒక కాగితం మ్యాప్ కూడా పెట్టుకోండి.

బాట చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఫోటో తీసుకోండి. వెనక్కి రావాల్సి వస్తే మీకు కనిపించేది ఆ దృశ్యమే, ముందుకి వెళ్ళేటప్పుడు చూసింది కాదు. దారి తప్పానని అనుమానం రాగానే ఆగిపోండి. ఏటి వెంట కిందికి వెళ్తే ఎక్కడో తేలతాం అని చాలామంది అనుకుంటారు, ఏరు జలపాతాల మీదుగా, జారుడు బండల మధ్య నుంచి వెళ్తుంది, బాట కూడా అందుకే దాని పక్కనే ఉండకుండా పైనుంచి వెళ్తుంది. కచ్చితంగా తెలిసిన చోటిదాకా వెనక్కి వెళ్ళగలిగితే వెళ్ళండి, లేదంటే ఉన్నచోటే ఉండి విజిల్ ఊదండి. నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆపి మళ్ళీ ఆరుసార్లు. ఇది కొండల్లో సాయం కోరే గుర్తు, విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. అరుపుకంటే విజిల్ దూరం వినిపిస్తుంది, గొంతూ పోదు.

ఇంట్లోవాళ్ళకి లూప్ పేరొక్కటే చెప్పి వదిలేయకండి. ఎటునుంచి తిరుగుతున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో, ఎన్నింటిదాకా చేయకపోతే ఎవరికి కబురు చెప్పాలో కాగితం మీద రాసివ్వండి. వెతికేవాళ్ళు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది. వాళ్ళ టెన్షన్ తగ్గించగలిగేది కూడా ఆ కాగితమే.

ప్రశ్న: జలగలు, పిడుదులు అంటే నాకు చచ్చేంత భయం. ఉప్పు తీసుకెళ్ళనా?

జవాబు: ఉప్పు, నిప్పు రెండూ వద్దు. పొడుగు ప్యాంటు వేసుకుని అంచుల్ని సాక్సుల్లోకి దోపండి, ఆగిన ప్రతిసారీ ఒకరి కాళ్ళు ఒకరు చూసుకోండి. జలగ పట్టుకుంటే దాని సన్నటి కొస దగ్గర గోరుని చర్మానికి ఆనించి పక్కకి తోస్తే వదిలేస్తుంది, ఆ తర్వాత రెండో కొస. రక్తం కాసేపు కారుతూనే ఉంటుంది, గడ్డకట్టనివ్వని పదార్థం అది వదులుతుంది కాబట్టి. కడిగి గుడ్డతో అదిమిపెడితే సరిపోతుంది, భయపడాల్సిన పని లేదు.

పిడుదు విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి, కొన్ని ప్రాంతాల్లో వాటివల్ల జబ్బులొస్తాయి. సన్నటి మొనలున్న ట్వీజర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలిపెట్టకుండా, నిదానంగా పైకి లాగండి. నూనె రాయడం, కాల్చడం చేయకండి. ఇంటికి రాగానే స్నానం చేసి చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, తల వెంట్రుకల్లో చూసుకోండి. తర్వాత కొన్ని వారాల్లో జ్వరం వచ్చినా, కుట్టినచోట ఎర్రటి మచ్చ పెరుగుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఏ రోజు ఏ అడవిలో నడిచారో చెప్పండి.