నగరమంతటికీ అందుబాటు ధరలో స్థానిక కూరగాయలు: ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టాలి?

వరంగల్‌లో అన్ని పేటలవారికీ చుట్టుపక్కల ఊళ్లలో పండిన కూరగాయలు చవకగా అందాలి, రైతుకూ గిట్టాలి, దానికి నగర స్థాయిలో ప్రణాళిక ఎలా వేయాలి అని అడిగారు. మీ జాబితాలో కొత్త మార్కెట్ భవనం, సేంద్రియ దుకాణాలు, మిద్దె తోటలు, ఒక యాప్ ఉన్నాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, మధ్యాహ్నం దాటాక రైతు దగ్గర మిగిలిన సరుకు ఎవరు కొంటారో ముందు తేల్చమంటాను.

మాది చేవెళ్ల వైపు ఊరు. అమ్మానాన్నలు ఆకుకూరలు పండించి హైదరాబాద్‌లోని ఒక రైతుబజారుకు తెచ్చేవారు. సెలవుల్లో నేనూ కాటా దగ్గర కూర్చునేవాణ్ణి. తర్వాత ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఒక హాస్టల్‌కు కూరగాయల కొనుగోలు చూశాను. అలా అమ్మే చోటా కొనే చోటా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

రైతుబజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతుకు ఫొటోతో గుర్తింపు కార్డు ఇస్తారు, ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. హోల్‌సేల్ ధర కన్నా సుమారు 25 శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా 25 శాతం తక్కువగా ఉండాలన్నది ఆ ధరకు సూత్రం. ఆలోచన బాగుంది, ఇప్పటికీ బాగుంది. మీ నగరంలో కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన పని లేదు, ఉన్న రైతుబజారునే బాగుచేసుకోవచ్చు.

చిక్కు ఎక్కడుందంటే, బోర్డు మీద ధర ఉంటుంది కానీ ఆ ధరకు ఎంత అమ్ముడుపోతుందన్న హామీ ఉండదు. పాలకూర సంగతే చూడండి. సాయంత్రం ఎండ తగ్గాక కోసి, మట్టి కడిగి, కట్టలు కట్టి, గంపలో తడి గోనె పరిచి పేర్చి, పైన మరో తడి గోనె కప్పేవారు. తెల్లవారకముందే బండి ఎక్కించాలి. బోణీ మంచిగా అయితే పదింటిదాకా కట్టకు బోర్డు మీది ధరే పలికేది. వేసవిలో మధ్యాహ్నానికి ఆకు వాలిపోతుంది. నీళ్లు చల్లితే కాసేపు లేచి నిలుస్తుంది, ఎక్కువ చల్లితే లోపలి ఆకు నల్లబడుతుంది. అప్పుడు రెండు కట్టల ధరకు మూడు, ఆ తర్వాత నాలుగు. చివరికి ఎవరో వచ్చి మిగిలిన గంపంతా అడ్డికి పావుసేరు లెక్కన ఎత్తుకుపోయేవారు. పొద్దుటి లాభం సాయంత్రానికి మిగిలేది కాదు.

ఇలా నాలుగు రోజులు గడిస్తే రైతు ఏం చేస్తాడు? ఊరికి తిరిగి వెళ్లే బండి దొరకాలి, పొలంలో నీళ్లు కట్టాలి. గేటు దగ్గరే ఒకరికి సరుకంతా అప్పజెప్పి పోతాడు. కొన్నాళ్లకు కార్డు రైతు పేరు మీదే ఉంటుంది, దుకాణంలో మాత్రం వేరొకరు కూర్చుంటారు. తనిఖీలు పెంచినంత మాత్రాన ఇది ఆగదు. మధ్యాహ్నం సరుకుకు కొనేవాడు దొరికితే చాలావరకు దానంతటదే ఆగుతుంది.

ఆ కొనేవాళ్లు నగరంలోనే ఉన్నారు. హాస్టళ్లు, ఆసుపత్రులు, అంగన్‌వాడీలు, బడి భోజనం వండే ఏజెన్సీలు, ఐదు రూపాయల క్యాంటీన్లు. కానీ వాటి కొనుగోలు పద్ధతి రైతును దగ్గరికి రానివ్వదు. నేను పనిచేసిన చోట ఉల్లిపాయ నుంచి కరివేపాకు దాకా అన్నీ ఒకే కాంట్రాక్టరు ఇవ్వాలన్నది టెండరు షరతు. మెనూ ఏడాదికి ఒకసారి ఖరారయ్యేది, మే నెలలోనూ కాలీఫ్లవర్ వండాల్సిందే. పోరాడి మార్పించుకున్నది ఒక్క వాక్యం: ‘ఆకుకూర పప్పు, ఏ ఆకుకూర అన్నది ఆ రోజు సరుకును బట్టి’. ఆ వాక్యంతో రైతుల దగ్గర కొనడం వీలైంది. ముందురోజు సాయంత్రం ఫోను చేసి ఎంత కావాలో చెబితే, కోత సమయానికే లెక్క తెలిసేది.

బిల్లు దగ్గర మళ్లీ చిక్కు. రైతు తెల్లకాగితం మీద రాసిచ్చింది ఆడిట్‌లో నిలవదు. అందుకే రైతు ఉత్పత్తిదారుల సంఘమో, మహిళా పొదుపు సంఘమో మధ్యలో ఉండి బిల్లు ఇవ్వాలి. డబ్బు వారంలోగా చేతికి రావాలి. రెండు నెలలు ఆగగలిగేది కాంట్రాక్టరే, ఆకుకూరల రైతు ఆగలేడు. మీ ప్రణాళికలో వారంలోగా చెల్లింపు అన్న ఒక్క నిబంధన రాయించగలిగితే, కొత్త భవనం కన్నా దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

దీన్ని నగరమంతటా చేసి చూపించినవారు ఉన్నారు. బ్రెజిల్‌లోని బెలో హొరిజోంతె నగరం 1993లో ఆహారానికే ఒక ప్రత్యేక విభాగం పెట్టుకుంది. బడి భోజనం, చవక భోజనశాలలు, రైతులు నేరుగా అమ్మే చోట్లు, నిర్ణయించిన ధరకు కొన్ని సరుకులు అమ్మాలన్న షరతుతో నగర స్థలంలో నడిచే దుకాణాలు, అన్నీ దాని కిందికే తెచ్చింది. ఖర్చు నగర బడ్జెట్‌లో 2 శాతం లోపే. మన దగ్గర ఇవే పనులు మార్కెటింగ్, ఉద్యాన, విద్య, మున్సిపల్ శాఖల మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి, ఒకరి లెక్క ఒకరికి తెలియదు.

ఇక అందుబాటు ధర. కూలి డబ్బు చేతికొచ్చేది సాయంత్రం. అప్పుడు రైతుబజారు దూరం, పైగా మంచి సరుకు అయిపోయి ఉంటుంది. ఆ ఇళ్లకు కూరగాయలు చేర్చేది తోపుడుబండి. ‘దళారులను తొలగిస్తాం’ అనే మాట మన సభల్లో తేలిగ్గా వచ్చేస్తుంది కానీ, వీధి చివర బండి దగ్గర ఎండలో నిలబడే ఆవిడను దళారి అనడం నాకు నచ్చదు. 2014 వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వర్తక కమిటీలో కనీసం 40 శాతం వర్తకుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీని మీ సమావేశానికి పిలవండి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో సంచార రైతుబజార్లు కాలనీలకు వెళ్లాయి. బండి ఇంటి దగ్గరికి రావాలన్నది అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

2023లో టమాటా ధర మండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్ల ద్వారా కిలో 50 రూపాయలకు అమ్మారు. ఆపదకు అది సరే, ఏడాది పొడవునా నడిచే ఏర్పాటు కాదు. చెత్త సంగతికి హైదరాబాద్‌లోని బోయినపల్లి కూరగాయల మార్కెట్ చూసి రండి, పాడైన కూరగాయలతో అక్కడ బయోగ్యాస్, కరెంటు తీస్తున్నారు. మిద్దె తోటలు వేసుకోండి, మా ఇంటి మీదా ఉంది. ఒక పేట అవసరం మాత్రం దాంతో తీరదు. భూమి విషయం పెద్దది: మా వైపు జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలపై 1996 నాటి 111 జీవో ఆంక్షలుండేవి, 2022లో వాటిని ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది. ప్లాటు ధరతో పాలకూర మడి పోటీ పడలేదు. మీ మాస్టర్ ప్లాన్‌లో కూరగాయలు పండే ఊళ్లకు ఏ రంగు వేశారో, అంటే సాగుకు ఉంచారో ఇళ్లకు వదిలారో, ఇప్పుడే చూసుకోండి.

మొదటి పనిగా కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్‌ఐటీ హాస్టళ్లు, ఎంజీఎం ఆసుపత్రి ఒక నెలలో ఏ కూరగాయ ఎంత, ఏ ధరకు కొన్నాయో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఆ జాబితాలోంచి ఉల్లి, బంగాళాదుంప తీసేయండి, అవి ఎక్కువగా బయటి రాష్ట్రాల నుంచే వస్తాయి. మిగిలిన ఆకుకూరలు, వంకాయ, బెండ, సొర, దోస ఎన్ని కిలోలో కూడితే, ఏయే ఊళ్లలో ఎంతమంది రైతులతో మాట్లాడాలో మీకే తెలుస్తుంది.