2 వారాలైంది, జవాబు లేదు

ప్రశ్న: దేవరకొండ నుంచి రోజూ బస్సులో నల్లగొండ వెళ్లి డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్నాను. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో (కోడ్ అందరికీ కనబడేలా ఉండి, ఎవరైనా మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్) తేదీ తప్పు చూపిస్తుంటే కోడ్ సరిచేసి పంపాను. 2 వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. అక్కడ బాస్ ఎవరు, ఎవరికి ఫోన్ చేయాలి? నా ఇంగ్లిష్ చూసి పక్కన పెట్టారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి

జవాబు: ఫోన్ సంగతి మర్చిపో తమ్ముడూ, అక్కడ పని నడిచేదంతా రాతలోనే. బాస్ అంటావా, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో ఏటా నాయకుణ్ని ఓటేసి ఎన్నుకుంటారు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, దాన్ని తయారుచేసిన గైడో వాన్ రోసమ్ 2018లో తప్పుకున్నాక ఐదుగురి కౌన్సిల్ వచ్చింది. నీకు కావాల్సింది మాత్రం మెయింటైనర్, అంటే నువ్వు ముట్టుకున్న భాగంలోకి ఏ కోడ్ రావాలో చూసుకునే మనిషి. చాలాసార్లు ఆయన కూడా వేరే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూటో ఆదివారమో ఇది చూసేవాడే.

ఉదాహరణకు లినక్స్ కెర్నల్‌లో, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగంలో, కొత్త వెర్షన్ 9-10 వారాలకొకటి వస్తుంది, కొత్త మార్పులను దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కలుపుకునేది అందులో మొదటి 2 వారాలే. అప్పుడు మెయింటైనర్లకు ఊపిరాడదు, నీ కోడ్ సరిగ్గా అలాంటి రోజుల్లోనే వెళ్లి పడిందనుకో, ఇక చూసేదెవరు? కనీసం వారం ఆగి గుర్తు చేయమని వాళ్ల నియమాల్లోనే ఉంది. నువ్వూ అడుగు, ఏం కాదు.

కాకపోతే పంపిన చోటే, అందరికీ కనబడేలా అడుగు. విడిగా మెసేజ్ పెట్టి "హలో సార్" అని ఆగిపోవడం మనవాళ్లకు బాగా అలవాటు. అమెరికాలో ఆయన నిద్రలేచి "చెప్పండి" అనేసరికి ఇక్కడ నువ్వు పడుకునే టైమవుతుంది, అట్లా పలకరింపులకే మూడు రోజులు పోతాయి. ఏ వెర్షన్, ఏం కొడితే ఏం వచ్చింది, ఏం రావాలి, అన్నీ ఒక్కసారే రాసెయ్. "తేదీ సరిగా రావట్లేదు" అంటే ఎవరికీ అర్థం కాదు, "05/03 అని కొడితే మార్చి 5 బదులు మే 3 చూపిస్తోంది" అంటే ఇంగ్లిష్ వంకరగా ఉన్నా పనవుతుంది. అన్నట్టు లైనస్‌కూ ఇంగ్లిష్ మాతృభాష కాదు, ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే ఇంట్లో పుట్టాడు.

ఈలోపు అదే ప్రాజెక్టుకు వేరేవాళ్లు పంపిన మార్పు ఒకటి నీ కంప్యూటర్లో నడిపి, పనిచేసిందో లేదో అక్కడ రాయి. మెయింటైనర్‌కు ఆ మేరకు పని తగ్గుతుంది, నీ పేరూ ఆయన కంట పడుతుంది. నెల దాటినా కదలిక లేకపోతే చివరి మార్పు ఎప్పుడు కలిపారో చూడు, ఏడాది కిందటే ఆగిపోయి ఉంటే అక్కడ చూసే నాథుడే లేడన్నమాట, ఇంకో ప్రాజెక్టు వెతుక్కో.