క్యాంప్‌బెల్ దీవి పూల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, ఆ విషయంలో టెన్షన్ వద్దు. నా పేచీ అంతా ఆ పూలకి నువ్వు అంటగట్టిన ధైర్యంతోనే. ‘చలిని ధిక్కరించిన వీరవనితలు’ అన్నావు. మొక్క ఎవర్నీ ధిక్కరించదమ్మా. అది అక్కడ ఎలా బతుకుతోందో చెప్పు, ఆశ్చర్యపోవడం పాఠకుడు చూసుకుంటాడు.

ఆ దీవి న్యూజిలాండ్‌కి దక్షిణాన దాదాపు 700 కిలోమీటర్ల దూరం. ఏడాది సగటు ఉష్ణోగ్రత 7 డిగ్రీలు. 300 రోజులకి పైగా ఏదో ఒక వేళ వాన పడుతూనే ఉంటుంది. అలాంటి చోట ప్లూరోఫిల్లమ్ స్పెసియోసమ్ అనే పెద్దాకుల మొక్క ఆకు ఒక్కటి తీసుకుని నిదానంగా చూడు. నేలని కరుచుకుని పరుచుకుంటుంది కాబట్టి ఈదురుగాలి దెబ్బ తక్కువ. ఆకు నిండా రేకు షెడ్డు కప్పులా మిట్టలూ పల్లాలూ, పైన సన్నటి నూగు. అందులో చిక్కిన గాలి తొందరగా కదలదు. మబ్బు విడిచి కాస్త ఎండ తగిలితే చాలు, బయటి గాలి కంటే ఆకు వెచ్చబడుతుంది. ఆ నేలకి ఎరువు సముద్ర పక్షుల రెట్ట. అది నువ్వు రాయనేలేదు, మొహమాటపడ్డావేమో!

ఇక గొర్రెలు. ఒక్క ముక్కలో తేల్చేశావు గానీ, అసలు కథ అక్కడే ఉంది. 1895లో దీవి మీద గొర్రెల పెంపకం మొదలైంది. గిట్టుబాటు కాక 1931లో మనుషులు వెళ్లిపోయారు, గొర్రెలు ఉండిపోయాయి. పెద్దాకుల మొక్కల్ని నున్నగా మేసేశాయి. పసుపు పూల రాస్ లిల్లీ మాత్రం వాటి నోటికి రుచించలేదు, దాంతో అది విరివిగా పెరిగింది. ‘ప్రకృతి పరిచిన పసుపు తివాచీ’ అని నువ్వు మురిసిపోయిన చోట గొర్రెల వాటా కూడా ఉందన్నమాట! 1970లో దీవికి అడ్డంగా కంచె వేసి, ఉత్తరాన గొర్రెల్ని లేకుండా చేశారు. అటువైపు పెద్దాకులు మళ్లీ లేచాయి. అప్పట్లో కంచెకి ఇటొక నేల, అటొక నేల. ఇంతకంటే మంచి ఎత్తుగడ నీకెక్కడ దొరుకుతుంది?

1840లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఆ దీవి మీద దిగిన పేరా బాగుంది, కదపకు. నావికులు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) రాకుండా తిన్న మక్వారీ దీవి క్యాబేజీ ముచ్చట మాత్రం తీసెయ్, ఇంకో వ్యాసానికి పనికొస్తుంది. లాటిన్ పేర్లు అన్నీ అక్కర్లేదు, మూడు చాలు.

మొదటి పేరా కొట్టేసి, కంచె దగ్గర మొదలుపెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు