స్టాప్‌వాచ్ చెప్పని సంగతి

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. రోజూ 25 మీటర్ల కొలనులో సాధన చేస్తుంది. మొన్న 50 మీటర్ల కొలనులో జరిగిన 100 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలో రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంది. నేనేం చేయాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, పాప వెనకబడిందని అనుకోవద్దు. 100 మీటర్లకు చిన్న కొలనులో మూడు మలుపులుంటాయి, పెద్దదానిలో ఒక్కటే. మలుపు తిరిగిన ప్రతిసారీ గోడను కాళ్లతో తన్ని దూసుకుపోయే వేగం మామూలు ఈతలో రాదు కాబట్టి, పెద్ద కొలనులో సమయం పెరగడం సహజమే. ఒకే పొడవున్న కొలనుల సమయాలనే పోల్చి చూడండి. మెళకువలను కోచ్‌కు వదిలేయండి. గట్టు మీది నుంచి మీరు అరిచే సూచన, తల నీళ్లలో ఉన్న పిల్లకు ఎలాగూ వినబడదు. రాత్రి పెందలాడే పడుకోబెట్టడం, తెల్లవారుజామున సాధన ముగించి తడి జుట్టుతో బయటికి రాగానే అరటిపండో, రెండు ఇడ్లీలో అందించడం మీ పని. భుజం నొప్పి అంటే మాత్రం సాధన ఆపించి, వైద్యుడికి చూపించండి.