స్వరతంత్రి మీద కాయ ఉందన్నారు, ఆపరేషన్ తప్పదా?

మీ అక్కయ్యగారు ఉపాధ్యాయురాలని, మూడు నెలలుగా ఆమె గొంతు బొంగురుపోయి ఉందని, స్వరతంత్రి మీద చిన్న కాయ ఉందన్న డాక్టరుగారు ఆపరేషన్ చేయాలన్నారని, అది క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ భయపడుతున్నారని రాశారు. నేనూ ఇరవై రెండేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్నే, ఈ భయాన్ని అనుభవించినదాన్నే.

గొంతు విపరీతంగా వాడేవారికి వచ్చే కాయల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అయితే బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరపేటికను నేరుగా చూడవలసిందే. పొగతాగే అలవాటు, మింగడంలో బాధ, మెడలో గడ్డ, ఆయాసం, దగ్గితే రక్తం పడటం వంటివి ఉంటే అంతవరకు కూడా ఆగకూడదు. నేను ఆరు వారాలు యాంటీబయాటిక్ మాత్రలు, దగ్గుమందులతో గడిపాను. వాటితో కాయ కరగదని తర్వాత తెలిసింది.

అసలు సంగతి స్ట్రోబోస్కోపీలో, అంటే ఆగి ఆగి వెలిగే దీపంతో గొంతులోకి చూసే పరీక్షలో బయటపడింది. మాట్లాడేటప్పుడు స్త్రీల స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి కాబట్టి మామూలు వెలుగులో ఆ కదలిక కంటికి అందదు. ఆ దీపం కింద మాత్రం అవి నెమ్మదిగా అలలా కదులుతున్నట్లు కనిపిస్తాయి. నన్ను "ఈ..." అనమన్నప్పుడు ఎడమ తంత్రి అంచున ఉడికిన సగ్గుబియ్యం గింజంత ఎర్రని బుడిపె అడ్డుపడి, రెండు తంత్రులూ పూర్తిగా కలవకపోవడం తెరమీద నా కళ్లతోనే చూశాను. అది పాలిప్. మా బడిలోనే మరొక టీచరుకు రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా ఉన్నవి నాడ్యూల్స్. ఆవిడకు కత్తి అవసరమే రాలేదు, మూడు నెలల స్వరచికిత్సతోనే తగ్గాయి. తంత్రుల వెనుక భాగంలో ఒరిపిడికి పెరిగే కండలాంటి గ్రాన్యులోమాకు సాధారణంగా ముందు కడుపులోని ఆమ్లం పైకి తన్నకుండా మందులిస్తారు. వైరస్ వల్ల పులిపిరిలా వచ్చే పాపిల్లోమా తీసినా మళ్లీ రావచ్చు. అందుకే మీ అక్కయ్యగారిది ఏ రకమో ముందు స్పష్టంగా అడగండి.

నాకు పూర్తి మత్తు ఇచ్చి, నోటి ద్వారానే, మైక్రోస్కోపులో చూస్తూ దాన్ని తీసి బయాప్సీకి పంపారు. మెడ మీద కోత లేదు. తర్వాత వారం రోజులు మౌనం, ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేదాన్ని. గుసగుసగా మాట్లాడటం కూడా వద్దన్నారు. స్పీచ్ థెరపీ, అదే స్వరచికిత్స, మాత్రం ఆపరేషన్‌కు ముందే మొదలైంది, నా దృష్టిలో అసలు వైద్యం అదే: గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వచ్చేలా "ఊ" అనడం, తరగతిలో అరవకుండా మూడుసార్లు చప్పట్లు కొట్టి పిల్లల్ని పిలవడం. పాత అలవాటు మారకపోతే కాయ మళ్లీ రావచ్చు.

ఈసారి వెళ్లినప్పుడు ఆ పరీక్ష వీడియో ఫోన్‌లోకి తీసుకోండి. చికిత్స తర్వాత తీసే వీడియోను దాని పక్కన పెట్టి చూస్తేనే ఎంత తగ్గిందో తెలుస్తుంది.