డెట్ ఫండా, ఎఫ్‌డీనా: మీ లెక్క తప్పిన చోటు

10 లక్షలను ఐదేళ్లకు డెట్ ఫండ్‌లో (ప్రధానంగా బాండ్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) పెట్టాలా, బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ)లో పెట్టాలా అని అడిగారు. రెండింటికీ ఏటా 7 శాతం రాబడే వేసినా, 10 లక్షలపై ఐదేళ్లకు డెట్ ఫండే లక్షకు పైగా ఎక్కువ ఇస్తున్నట్లు మీ ఎక్సెల్ షీట్ చూపుతోందంటే, అందులో పాత ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి, పన్ను పడే లాభాన్ని తగ్గించే లెక్క) వరుస ఇంకా మిగిలి ఉండవచ్చు.

1. ఆ వరుసను తీసివేయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ యూనిట్ల లాభంపై, ఎన్నేళ్లు ఉంచినా, శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. మీరు 30 శాతం శ్లాబు అన్నారు కనుక, సెస్సుతో కలిపి రెండు వైపులా 31.2 శాతం వేయండి.

2. చాలామంది మరిచేది పన్ను కట్టే సమయాన్ని. క్యుములేటివ్ ఎఫ్‌డీలో వడ్డీ చేతికి రాకపోయినా, బ్యాంకు ఏటా లెక్కగట్టి పన్ను శాఖకు చూపే ఆ మొత్తంపై సాధారణంగా ఏ ఏటి పన్ను ఆ ఏడే కడతాము. ఫండ్‌లో మాత్రం అమ్మినప్పుడే. అందువల్ల ఎఫ్‌డీ నికరంగా 4.816 శాతం చొప్పున పెరిగి సుమారు 12.65 లక్షలవుతుంది, ఫండ్ పన్ను పోను సుమారు 12.77 లక్షలవుతుంది. తేడా 11,800 రూపాయలు, అదీ ఫండ్ రాబడి నిజంగా 7 శాతం వస్తేనే. ఈ కాస్త కోసం ఎన్‌ఏవీ (యూనిట్ ధర) ఒడిదుడుకులు భరించమని, అమ్మే నాటికి శ్లాబు తగ్గేవారికి తప్ప, నేను చెప్పను.

3. అదే ఫోలియోలో (ఫండ్ సంస్థ దగ్గరి మీ ఖాతా) అదే ఫండ్‌వి 2023 మార్చి 31లోపు కొన్న యూనిట్లుంటే ముందు అవే అమ్ముడవుతాయి. వాటి లాభంపై సెస్సు కాక 12.5 శాతమే.